ఒడ్డు మీదే తేల్చుకోవలసిన మాట

ప్రశ్న: మా బావగారికి, అంటే మా వారి అన్నగారికి, సొంత మోటారు పడవ ఉంది. వరుసగా మూడు రోజులు సెలవులు వచ్చినప్పుడల్లా ఇంటిల్లిపాదీ ఆయన పడవలో సరస్సు మీదికి వెళ్తాం. ఆయన మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం పెడతారు. అయితే పడవ కదలగానే బీరు సీసాలు తెరవడం ఆయనకూ, ఆయన స్నేహితులకూ అలవాటు. పోయిన ఏడాది సాయంత్రం తిరిగి వస్తుండగా, కుడివైపు నుంచి వేగంగా వస్తున్న మరో పడవను ఆయన చివరి క్షణం దాకా గమనించలేదు. గమనించాక స్టీరింగును ఒక్కసారిగా తిప్పేసరికి అందరం ఒకరి మీద ఒకరం పడ్డాం. మా ఆరేళ్ల బాబు పడవ అంచుదాకా జారిపోయి, కమ్మీకి తగిలి ఆగాడు. లైఫ్ జాకెట్లు లేకపోలేదు, వాటిని మెత్తల్లా వేసుకుని కూర్చున్నాం. ఆ సంగతి ఇప్పుడు ఇంట్లో నవ్వుకుంటూ చెప్పుకుంటారు, నాకు మాత్రం నవ్వు రాదు. వచ్చే సెలవులకు మళ్లీ పదకొండు మందిమి బయలుదేరుతున్నాం. మా వారితో అంటే, "రెండు బీర్లకు అన్నయ్యకేమీ కాదు, అయినా నీళ్ల మీద రోడ్డు మీదలా ట్రాఫిక్ ఉండదు కదా" అంటారు. ఇంటికి చిన్నకోడలిని, బావగారికి నేనెలా చెప్పగలను? రానంటే అందరి సంతోషం పాడుచేసినదాన్నవుతాను. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టి ఆపినది ఆ లైఫ్ జాకెట్ల మాట. ప్రాణం కాపాడే వస్తువు చేతికందేంత దగ్గరలో ఉండి కూడా ఆ క్షణంలో ఎవరికీ పనికిరాని స్థితిలో ఉందంటే, ఆ రోజు మీ బాబును కాపాడింది ఒక్క కమ్మీ మాత్రమేనన్నమాట. మీ భయం పిరికితనం కాదు, అతిజాగ్రత్తా కాదు. ఆ పడవలో జరిగినదాన్ని ఉన్నదున్నట్టు చూసిన మనిషి మీరొక్కరే కావచ్చు. కాబట్టి నా సమాధానం ముందే చెప్పేస్తాను. పడవ నడిపే మనిషి ఆ రోజు తిరిగి రేవుకు చేరేదాకా చుక్క కూడా తాగకూడదు. ఆ విషయం బయలుదేరక ముందు, ఒడ్డు మీద, స్పష్టంగా తేలకపోతే మీరూ మీ పిల్లలూ ఆ పడవ ఎక్కవద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను, ఎందుకంటే ఈ కారణాలు మీ ఇంట్లో మాట్లాడేటప్పుడు మీకు అవసరమవుతాయి.

ముందుగా ఆ "రెండు బీర్ల" లెక్క చూద్దాం. 650 మిల్లీలీటర్ల పెద్ద సీసాలో 7 శాతం మద్యం ఉన్న బీరు ఉంటే, ఒక్క సీసాలోనే 35 గ్రాములకు పైగా స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉంటుంది. ఆరోగ్య శాస్త్రంలో ఒక ప్రామాణిక పానీయమంటే, చాలా దేశాల్లో, సుమారు 10 నుంచి 14 గ్రాములు. అంటే మీ వారు రెండు అనుకుంటున్నవి నిజానికి ఐదు నుంచి ఏడు. కాలేయం గంటకు ఇంచుమించు ఒక పానీయం చొప్పున మాత్రమే దాన్ని వదిలించగలదు కనుక, మధ్యాహ్నం ముగించిన ఆ రెండు సీసాల ప్రభావం సూర్యాస్తమయం వేళకు కూడా ఒంట్లో మిగిలే ఉంటుంది. కాఫీ తాగినా, తల మీద చన్నీళ్లు పోసుకున్నా ఈ వేగం పెరగదు. మత్తు దిగినట్టు అనిపించడం వేరు, దిగడం వేరు. ముందురోజు రాత్రి బాగా పొద్దుపోయేదాకా తాగిన మనిషి మర్నాడు ఉదయం స్టీరింగు ముందు కూర్చున్నా ఇదే లెక్క వర్తిస్తుంది. మూడు రోజుల సెలవుల్లో రెండో రోజు, మూడో రోజు ఉదయాలను ఎవరూ అనుమానించరు గనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

పైగా అదే మోతాదు ఇంటి వరండాలో చేసే హాని కంటే నీళ్ల మీద చేసే హాని ఎక్కువ. ఎండ, గాలి, నీటి మీద నుంచి కళ్లలోకి కొట్టే వెలుగు, ఇంజను రొద, పడవ అదురు, ఇవన్నీ కొన్ని గంటలు కలిసి పనిచేస్తే, ఏమీ తాగని మనిషి కూడా అలసిపోయి, చూసినదానికి స్పందించడంలో మందగిస్తాడు. చెమట వల్ల ఒంట్లో నీరు తగ్గుతుంది, మద్యం దాన్ని మరింత తగ్గిస్తుంది. ఈ అలసట మీద మద్యం పడితే పక్కచూపు కుంచించుకుపోతుంది, దూరాన్ని అంచనా వేసే శక్తి, చీకట్లో చూసే శక్తి తగ్గుతాయి, ఎరుపునూ ఆకుపచ్చనూ వేరుచేసి గుర్తించడం కష్టమవుతుంది. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, రాత్రివేళ పడవలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఆ రెండు రంగులతోనే. పడవకు ఎడమవైపు ఎర్ర దీపం, కుడివైపు ఆకుపచ్చ దీపం ఉంటాయి. మీ కుడివైపు నుంచి అడ్డంగా వచ్చే పడవ మీకు తన ఎర్ర దీపాన్నే చూపిస్తుంది, ఆ ఎరుపుకు అర్థం మీరే తప్పుకోవాలని.

ఇక్కడే పోయిన ఏడాది సంగతికి వద్దాం. సముద్రంలో పడవలు ఢీకొనకుండా 1972లో కుదిరిన అంతర్జాతీయ నియమాల ప్రకారం, రెండు మోటారు పడవలు అడ్డంగా ఎదురైనప్పుడు ఎదుటి పడవ ఎవరి కుడిచేతి వైపు ఉందో వారే దారి ఇవ్వాలి. చాలా దేశాల్లో సరస్సులకూ, నదులకూ పెట్టిన నియమాలు కూడా ఇదే పద్ధతిలో ఉంటాయి. మీరు రాసినదాన్ని బట్టి ఆ పడవ మీకు కుడివైపు నుంచి వచ్చింది. కాబట్టి ముందుగానే వేగం తగ్గించి దాని వెనుక నుంచి పోవలసిన బాధ్యత మీ బావగారిదే. దాన్ని "తృటిలో తప్పించారు" అని చెప్పుకుంటున్నారు గానీ, ఆయన దాన్ని చూడలేదన్నదే అసలు విషయం. నిరంతరం కళ్లతోనూ చెవులతోనూ నిఘా ఉంచాలని ఆ నియమాల్లో విడిగా ఒక నియమమే ఉంది, మద్యం మొట్టమొదట దెబ్బతీసేది ఆ నిఘానే.

నీళ్ల మీద ట్రాఫిక్ ఉండదన్న మాట మామూలు రోజున కొంతవరకు నిజం కావచ్చు, సెలవుల రద్దీలో ఎంతమాత్రం కాదు. రోడ్డు మీద గీతలుంటాయి, సిగ్నళ్లుంటాయి, అన్నిటికీ మించి బ్రేకులుంటాయి. పడవకు బ్రేకు లేదు. ఇంజను తగ్గించినా ముందుకు జారుతూనే ఉంటుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. అదే వేగంతో ఎదురెదురుగా వచ్చే రెండు పడవల మధ్య 100 మీటర్ల ఎడం ఐదు సెకన్లు నిండకముందే మాయమవుతుంది. ఇక సెలవు రోజున ఆ సరస్సు మీద ఎవరెవరు ఉంటారో ఆలోచించండి. ఏడాదికి ఒక్కసారి అద్దెకు తీసుకుని నడిపేవారు, కాళ్లతో తొక్కే చిన్న పడవల్లో పిల్లలు, ఈదుతున్నవారు, జెట్‌స్కీల మీద కుర్రవాళ్లు, వారిలో కొందరు మీ బావగారిలాగే తాగి ఉన్నవారు. పెద్ద పడవలు లేపే అలలు ఒకదానితో ఒకటి కలిసి, గాలి లేని రోజున కూడా నీటిని కల్లోలంగా ఉంచుతాయి. అలాంటి అలను చూసి ముందే వేగం తగ్గించి, కొంచెం ఏటవాలుగా ఎదుర్కొంటే పడవ తేలికగా ఎక్కి దిగుతుంది. చూసుకోకుండా వేగంగా దాని మీదికి పోతే ముందుభాగంలో కూర్చున్నవారు గాలిలోకి ఎగిరిపడతారు. మత్తులో ఉన్న సరంగుకు, అంటే పడవ నడిపే మనిషికి, ఆ అల కనిపించేసరికే పడవ దాని మీద ఉంటుంది.

సరంగు ఒక్కడు తాగకపోతే చాలు కదా, మిగతావాళ్లు తాగితే నష్టమేమిటని మీ వారు అడగవచ్చు. కారులో వెనుక సీట్లో తాగి కూర్చున్న మనిషికీ, పడవలో తాగిన మనిషికీ పోలిక లేదు. పడవ అంచు మోకాలి ఎత్తున ఉంటుంది, నేల తడిగా ఉంటుంది, ఊగుతూ ఉంటుంది. తూలిన మనిషి పడేది నీళ్లలోనే. ఆగి ఉన్న పడవ అంచున నిలబడి మూత్రవిసర్జన చేయబోయి పడి మునిగిపోవడం ఎన్నో దేశాల్లో ఎన్నోసార్లు జరిగిన విషయం. సభ్యత కోసం దీన్ని చెప్పకుండా వదిలేస్తారు, నేను వదలదలచుకోలేదు. తాగి నీళ్లలో పడిన మనిషికి లోపలి చెవిలోని సమతూకపు వ్యవస్థ తప్పుడు సమాచారమిస్తుంది. పైకి ఏదో కిందికి ఏదో తెలియక, పైకి అనుకుని లోతుకు ఈదే ప్రమాదం ఉంది. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది కనుక వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ నిజానికి ఒంటి వేడి త్వరగా పోతుంది. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. చల్లటి నీటిలో హఠాత్తుగా పడినవారు మొదటి నిమిషంలో తమకు తెలియకుండానే పెద్దగా ఊపిరి పీల్చుకుంటారు, ఆ క్షణంలో నోరు నీటి కింద ఉంటే అంతే సంగతులు. గజ ఈతగాళ్లకు కూడా ఇది తప్పదు. "వాడికి ఈత బాగా వచ్చు" అన్న ధైర్యం ఇక్కడ ఎందుకూ కొరగాదు.

అందుకే అమెరికా తీరరక్షక దళం ఏటా వెలువరించే వినోద పడవల ప్రమాదాల లెక్కల్లో రెండు విషయాలు ఏళ్ల తరబడి మారకుండా వస్తున్నాయి. ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో, కారణం తెలిసినంతవరకు, ముందు వరుసలో ఉన్నది మద్యమే. చనిపోయినవారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది నీటిలో మునిగి పోయినవారు, అలా మునిగినవారిలో నూటికి ఎనభై మందికి పైగా లైఫ్ జాకెట్ వేసుకోనివారు. ఆ పడవల్లో చాలావాటిలో జాకెట్లు ఉండే ఉంటాయి, మీ పడవలో ఉన్నట్టే. నీళ్లలో పడ్డాక జాకెట్ తొడుక్కోవచ్చులే అనుకునేవారు ఒకసారి లోతు తక్కువ నీటిలో, ఒడ్డు పక్కన, ప్రయత్నించి చూడాలి. ఏ కంగారూ లేనప్పుడే అదెంత కష్టమో తెలుస్తుంది.

మునిగిపోయే మనిషి కేకలు వేస్తాడని, చేతులు ఊపుతాడని మనమంతా అనుకుంటాం. ప్రాణరక్షకులకు శిక్షణ ఇచ్చిన ఫ్రాంక్ పియా నిజంగా మునిగిపోతున్నవారి కదలికలను నిశితంగా గమనించి చెప్పింది దీనికి పూర్తిగా విరుద్ధం. ఊపిరి అందని మనిషికి మాట రాదు. చేతులు పైకెత్తలేడు, నీటిని పక్కలకు అదుముతూ, కనిపించని నిచ్చెన ఎక్కుతున్నట్టు ఉంటాడు. ఇదంతా 20 నుంచి 60 సెకన్లలో, చప్పుడు లేకుండా ముగిసిపోతుంది. పడవలో పాటలు పెట్టుకుని, పెద్దలు తాగుతూ మాట్లాడుకుంటూ ఉన్నప్పుడు వెనుక ఒక పిల్లవాడు ఇలా మునిగిపోతే ఎవరికి తెలుస్తుంది? అందువల్ల సరంగు కాక ఇంకొక పెద్దమనిషి కూడా ఏమీ తాగకుండా, పిల్లల మీద నుంచి చూపు తిప్పకుండా ఉండాలి. ఆ బాధ్యత ఎవరిదో పేరు పెట్టి చెప్పుకోవాలి. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదనే.

మరొక విషయం ఉంది, మద్యంతో దాని పోలిక వల్లనే చెబుతున్నాను. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. ఇంజను ఆన్‌లో ఉండగా పడవ వెనుక మెట్టు మీద కూర్చున్నవారిని, దాన్ని పట్టుకుని నీళ్లలో ఆడుతున్నవారిని అది నిమిషాల్లో కమ్ముకోగలదు. తలనొప్పి, తల తిరగడం, వికారం, మగత దాని లక్షణాలు. తాగిన గుంపులో ఇవి కనిపిస్తే "ఎక్కువైంది, పడుకోనీ" అంటారు, అలా పడుకున్నవారు మళ్లీ లేవకపోవచ్చు. ఎవరికైనా అలా అనిపిస్తే వెంటనే ఇంజను ఆపి, గాలి తగిలే చోటికి తీసుకువెళ్లి, వైద్య సహాయం కోసం పిలవాలి. ఇంజను నడుస్తున్నంతసేపూ వెనుక మెట్టు మీద ఎవరూ ఉండకూడదు, నీటిలో తిరిగే మర (ప్రొపెల్లర్) పక్కనే ఉంటుంది కనుక అది ఎటూ తప్పనిసరి.

ఇక మీ అసలు ప్రశ్న, బావగారికి ఎలా చెప్పాలన్నది. మీరు నేరుగా చెప్పవలసిన అవసరం లేదని నా ఉద్దేశం. మొదట మీ వారితో, పిల్లలు పడుకున్నాక, కోపం లేకుండా మాట్లాడండి. "మీ అన్నయ్య చెడ్డవారని నేననడం లేదు. ఆ సాయంత్రం బాబు కమ్మీకి తగలకపోయి ఉంటే ఏమయ్యేదో మీరొక్కసారి నాతో ఆలోచించండి" అనండి. మీకు అబద్ధాలు అక్కరలేదు, ఆ రోజు జరిగింది చాలు. తర్వాత మీ తోడికోడలితో మాట్లాడండి. ఆ పడవలో ఆమె పిల్లలు కూడా ఉన్నారు. బహుశా ఆమె ఈ మాట మీకంటే ఎక్కువసార్లు అనుకుని, ఒంటరిగా చెప్పలేక ఊరుకుని ఉంటుంది. మీరిద్దరూ ఒక మాట మీద ఉంటే అది చిన్నకోడలి భయంగా కాక ఇంటి ఇల్లాళ్ల నిర్ణయంగా నిలుస్తుంది.

బావగారితో మాట మీ వారే ఎత్తాలి. అదీ కనీసం వారం ముందు, ఆయన తాగని వేళ, స్నేహితులు లేనప్పుడు. తాగడం మానమని కాక, వేళా స్థలమూ మార్చమని అడగాలి. "అన్నయ్యా, నీ చేతిలో పదకొండు ప్రాణాలుంటాయి. పడవ రేవుకు కట్టేసే దాకా ఎవరమూ ముట్టుకోవద్దు, సాయంత్రం ఒడ్డున అందరం కూర్చుందాం, ఆ ఏర్పాట్లు నేను చూస్తాను" అంటే ఆయన గౌరవానికి లోటు ఉండదు, వినోదమూ పోదు. ఆయన ఆ రోజంతా తాగకుండా ఉండలేననుకుంటే అందులో తప్పుపట్టవలసిందేమీ లేదు, అనుభవమున్న సరంగును కుదుర్చుకుంటే సరిపోతుంది, ఆయన హాయిగా కూర్చుంటారు. ఏది ఎలా ఉన్నా, లంగరు వేసినప్పుడు తాగుదాం, నడిపేటప్పుడు వద్దు అన్న రాజీకి మాత్రం ఒప్పుకోవద్దు. లంగరు వేసిన పడవను మళ్లీ ఎవరో ఒకరు ఇంటికి నడపాలి. పైగా చివరి గుక్క తర్వాత కూడా రక్తంలో ఆల్కహాల్ కొంతసేపు పెరుగుతూ పోతుంది కనుక, తిరుగు ప్రయాణం మొదలయ్యే వేళకే అది శిఖరానికి చేరవచ్చు.

పదకొండు మందన్న లెక్క కూడా ఒకసారి చూసుకోండి. చాలా పడవలకు ఎంతమంది, ఎంత బరువు అన్నది తెలిపే పలక బిగించి ఉంటుంది. ఆ సంఖ్య దాటితే మిగిలిన జాగ్రత్తలన్నీ వృథా. రెండు విడతలుగా తీసుకువెళ్లడం మంచిది. స్టీరింగు పక్కన ఉండే కిల్ స్విచ్ తాడును సరంగు తన ఒంటికి తగిలించుకోవాలి, ఆయన నీళ్లలో పడితే ఇంజను దానంతటదే ఆగిపోతుంది. అమెరికాలో 26 అడుగుల లోపు పడవలను వేగంగా నడిపేటప్పుడు, ఆ స్విచ్ అమర్చి ఉన్నట్లయితే, దీన్ని 2021 ఏప్రిల్ 1 నుంచి చట్టమే తప్పనిసరి చేసింది. ఇంధనంలో ఒక వంతు వెళ్లడానికి, ఒక వంతు రావడానికి, మూడో వంతు అవాంతరాలకు ఉంచుకోవాలి. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లాలి. చీకటి పడకముందే తిరిగి వచ్చేయాలి, సెలవు రోజున ఆఖరి గంటలోనే రేవు దగ్గర గందరగోళమంతా ఉంటుంది.

అన్నీ మాట్లాడుకున్నా, మధ్యలో ఆయన సీసా తెరిస్తే ఏం చేయాలి? కదులుతున్న పడవలో స్టీరింగు కోసం పెనుగులాడవద్దు, గట్టిగా వాదించవద్దు. మీ వారు నెమ్మదిగా వేగం తగ్గించమని అడిగి, ఏదో నెపంతో దగ్గరలోని ఒడ్డుకు చేర్పించాలి. "బాబుకు ఒంట్లో బాగాలేదు" అన్న ఒక్క మాటకు ఏ పెదనాన్నా కాదనడు. ఒడ్డు చేరాక మీరు దిగిపోండి, రోడ్డు దారిన ఇంటికి రండి. ఎవరైనా నీళ్లలో పడితే, వెంటనే పడినవారి వైపు చెయ్యి చూపుతూ ఒకరు చూపు మరల్చకుండా ఉండాలి, తేలే వస్తువు ఏదైనా విసరాలి, పడవను దగ్గరికి తెచ్చేటప్పుడు పడినవారు ఆ తిరిగే మరకు చేరువ కాకముందే ఇంజను ఆపేయాలి. తాగి ఉన్నవారెవరూ కాపాడతామని నీళ్లలోకి దూకకూడదు. పడవ తిరగబడితే దాన్నే పట్టుకుని ఉండాలి. దూరం తక్కువగా కనిపించినా ఒడ్డుకు ఈదాలనుకోవద్దు.

ఆయన ఏ మాటకూ ఒప్పుకోకపోతే మీరు పిల్లలతో ఒడ్డునే ఉండిపోండి. మీరు అందరి సంతోషం పాడుచేస్తారన్న మాటకు నా దగ్గర ఉన్న జవాబు ఇదొక్కటే: ఆ రోజు ఎవరైనా నొచ్చుకుంటే సాయంత్రానికి నచ్చజెప్పుకోవచ్చు.

ఈ వారంలోనే మీరు మొదలుపెట్టగల పని ఒకటుంది. మీ బాబుకు పెద్దల జాకెట్ పనికిరాదు, వాడి బరువుకు తగినది, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది కొనండి. తొడిగి, పట్టీలన్నీ బిగించి, జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. అది గడ్డం, చెవులు దాటి పైకి జారితే అది వాడిది కాదు, మరొకటి చూడండి. సరైనది దొరికాక ఇంట్లో ఓ గంట వేసుకుని ఆడుకోనివ్వండి, తర్వాత నడుము లోతు నీటిలో మీ చేతుల మీద తేలడం అలవాటు చేయండి. రేవు మెట్ల దగ్గర మొదట మీరే మీ జాకెట్ తొడుక్కోండి, వాడు తనది వేయమని తానే అడుగుతాడు.